సుత్తి పట్టిన వరసలో

మా పెరిషోరి ఊరికి గ్యాసు వచ్చిన రోజున మొట్టమొదట కాలింది ప్రెసిడెంటు త్రోఫిమ్ ఎడమ మీసం. చర్చి ముందు ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, దానికి రిబ్బను చుట్టి, ఫాదరు గారు పవిత్రజలం చల్లాక త్రోఫిమ్ అగ్గిపుల్ల గీసి ముందుకు వంగాడు. గ్యాసు అప్పటికే బయలుదేరి ఉంది. నీలిమంట లేచింది, మీసం పోయింది, బ్యాండువాళ్ళు వాయించడం ఆపలేదు. మిగిలిన సగం మీసంతోనే ఆయన ఉపన్యాసమంతా చదివాడు. ఫొటోలు మాత్రం కుడివైపు నుంచే తీశారు.

ఉపన్యాసంలో ఆయన గ్యాసు ప్రయాణాన్ని వర్ణించాడు. రష్యా మంచులో పుట్టి, ఉక్రెయిన్ పొలాల కింద నుంచి నడిచి, సరిహద్దు దాటి, పెరిషోరి వంటింటి దాకా వచ్చిందట. మేమంతా చప్పట్లు కొట్టాం. మా మోల్దోవా నేలను ఎంత లోతుకు తవ్వినా ద్రాక్షవేళ్ళు, పాత యుద్ధాల తూటాలు తగులుతాయే తప్ప చెప్పుకోదగ్గ గ్యాసు లేదు. కాబట్టి అంత దూరం నడిచి వచ్చిన దాన్ని అతిథిలా చూడటం మా ధర్మమనుకున్నాం. అతిథి ఇంటికి తిరిగి వెళ్ళిపోవచ్చునని ఎవరికీ తోచలేదు.

తరవాత త్రోఫిమ్ అందర్నీ తన ఇంటికి తీసుకువెళ్ళాడు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన టీవీ మనిషి కెమెరా భుజాన పెట్టుకుని వెనకే నడిచాడు. లోపల పెద్దగదిలో సోబా ఉంది. సోబా అంటే మా ఇళ్ళలో గోడంత ఎత్తున ఇటుకతో, బంకమన్నుతో కట్టే పొయ్యి. ముందు వంట, వెనక వెచ్చటి అరుగు, ఆ అరుగు మీద ఇంట్లో అందరికంటే ముసలివాళ్ళ పక్క. త్రోఫిమ్ సుత్తి ఎత్తి సోబా నడుము మీద ఒక్కటి వేశాడు.

దాన్ని కట్టినది అగాఫ్య. ఆమె కూడా ఆ గదిలోనే, తలుపు పక్కన నిలబడి ఉంది. మామూలు అతిథిగా కాదు. త్రోఫిమ్ కూతురికి జ్ఞానస్నానం చేయించిన తల్లి ఆమె. అలాంటి బంధుత్వం కలిసినవాళ్ళు మా దగ్గర ఒకరినొకరు, ఆడవాళ్ళను కుమత్రా అని, మగవాళ్ళను కుమత్రే అని పిలుచుకుంటారు, చచ్చేదాకా గౌరవించుకుంటారు. త్రోఫిమ్ రెండో దెబ్బ వేసి, కెమెరా వైపు తిరిగి అన్నాడు.

"ఇక మా కుమత్రా చేతులకు విశ్రాంతి. ఏమీ తోచకపోతే కోళ్ళకు గూళ్ళు కట్టుకుంటుంది."

అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నవ్వు మంచి నవ్వే, ఎవరి కడుపులోనూ విషం లేదు. మర్నాటి నుంచి మాత్రం అగాఫ్యకు "కోళ్ళ ఇంజనీరు" అని పేరు పడింది. దుకాణంలో, బస్సులో, చివరికి శవం వెనక నడిచేటప్పుడు కూడా.

ఆ పేరుకు ఆమె మామూలుగానే పలికింది. అదే మొదటి ప్రమాద సూచన అని మేం గ్రహించి ఉండాల్సింది.

అగాఫ్య పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, అరచేతులు రొట్టె పలకల్లా ఉంటాయి. సోబాలు కట్టడం ఆమెకు తల్లి నేర్పింది, తల్లికి అమ్మమ్మ. మా వైపు గోడలకు మట్టి మెత్తడం, సోబా కట్టడం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు పైకప్పు వేసి దిగి ద్రాక్షసారా తాగుతారు. కట్టిన సోబాను ఆమె పుచ్చకాయను చూసినట్టు వేళ్ళ కణుపులతో తట్టి, చెవి పెట్టి వినేది. మొదటి మంట వేసిన రోజు ఇంటి యజమాని ఇచ్చిన గ్లాసులోంచి నాలుగు చుక్కలు నిప్పులో వేసి, మిగతాది ఒక్క గుక్కలో దించేది. పెళ్ళికి పిలిచినా పిలవకపోయినా ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురూ ఆమె కట్టిన అరుగు పక్కనే ముస్తాబయ్యేది. భర్త జఖారియా ట్రాక్టరు కింద పడి పోయాక ఆమెకు మిగిలిన సంసారం ఆ సోబాలే.

వాటిని వారం వారం ఒక్కో ఇంట్లో పగలగొట్టారు. వాటి స్థానంలో గోడకు తెల్లటి బాయిలర్లు బిగించారు. పసుపురంగు గ్యాసు గొట్టం మా వీధుల్లో మనిషి ఎత్తున నడుస్తుంది, గేటు వచ్చినచోట గేటు పైకెక్కి దిగుతుంది. అగాఫ్య గ్యాసు తీసుకోలేదు. తన గేటు మీదుగా పోయే గొట్టానికి మాత్రం ఎండుమిరపకాయల దండలు వేలాడదీసింది. త్రోఫిమ్ అభ్యంతరం చెబితే, "అతిథికి దండ వేస్తున్నా కుమత్రే" అంది.

తరవాత చాలా ఏళ్ళకు ఆ శరదృతువు వచ్చింది. అవతల పెద్దవాళ్ళకూ పెద్దవాళ్ళకూ ఏదో మాటామాటా వచ్చింది. గ్యాసు ఒప్పందం గడువు అయిపోయిందన్నారు, కొత్తది కుదరలేదన్నారు. రాజధాని కిషినావ్‌లో మంత్రులు టీవీలో కోట్లు వేసుకుని కూర్చుని మమ్మల్ని పొదుపు చేయమన్నారు. మంట సన్నబడింది, బిల్లు లావెక్కింది. తరవాత పడమటి నుంచి, రుమేనియా వైపు నుంచి కూడా కొన్నారు. మంట రంగు అదే, ధర మాత్రం ఎవరికీ అందలేదు. పెరిషోరిలో జనం టోపీలతో భోంచేయడం మొదలుపెట్టారు. మా ఇంట్లో మా ఆయన చేతిగ్లోవ్సు వేసుకునే మొక్కజొన్న సంకటి తిన్నాడు. ఆ గ్లోవ్సు ఉతకడం నా వంతు.

పొగ లేచేది ఒక్క అగాఫ్య ఇంటి మీదే.

మొదట వెళ్ళింది దర్జీ నికానోర్. టోపీ చేతిలో పట్టుకుని, "అగాఫ్యక్కా, మా సోబా మళ్ళీ కట్టిపెట్టవా?" అన్నాడు.

"కడతాను."

"ఎప్పుడు మొదలెడదాం?"

"నువ్వు సుత్తి పట్టింది చివర్లో. నీ పెళ్ళాం ఏడిస్తే నెల ఆగావు. కాబట్టి నీదే ముందు."

అప్పుడు అర్థమైంది మాకు. ఎవరు ఎవరి తరవాత పగలగొట్టారో ఆమెకు ఒక్క ఇల్లు కూడా తప్పకుండా గుర్తుంది. ఇప్పుడు దాన్ని తిరగేసి పట్టుకుంది. చివర పగలగొట్టినవాడికి ముందు, ముందు పగలగొట్టినవాడికి చివర. జనం ఆమె గేటు దగ్గర నిలబడి తమ సోబా చావు తేదీల గురించి ఒకరితో ఒకరు తగాదా పడ్డారు. "మాది ఈస్టరు తరవాత." "అబద్ధం, మీ ఇటుకలు ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారం నాడే వీధిలో పడున్నాయి." అగాఫ్య ఇంట్లోంచే తీర్పు చెప్పేది. ఎవరూ పైకోర్టుకు వెళ్ళలేదు.

మొట్టమొదటి దెబ్బ వేసినవాడి వంతు ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

త్రోఫిమ్ అప్పటికి ఎన్నికల్లో ఓడిపోయాడు గానీ పిలుపు మాత్రం ప్రెసిడెంటే. ఆయన చలికి ఓర్చుకోగలడు, లావైన మనిషి. కానీ ఇంట్లో తల్లి సాంద ఉంది. ఎనభై దాటింది, చెవులు పూర్తిగా పోయాయి, పక్క మీంచి లేవదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే అడిగేది, "ఎవర్రా కిటికీ తెరిచింది?" కిటికీ మూసే ఉండేది. ఎంత గట్టిగా చెప్పినా వినపడదు కదా, మళ్ళీ అడిగేది.

నవంబరులో మొదటి మంచు పడ్డ రోజున త్రోఫిమ్ భార్య ఇలింక మా ఇంటికొచ్చి ఏడ్చింది. నేను వెళ్ళి అగాఫ్యతో మాట్లాడాను.

"అక్కా, ముసలావిడ ఏం పాపం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు తమారా."

"మరి వాళ్ళ వంతు ముందుకు జరుపు."

"జరపను."

"ఆవిడ వణికిపోతోంది."

అగాఫ్య చేతులు కడుక్కుంది. శాలువా కప్పుకుని, జఖారియా పాత గుర్రబ్బండిని తాను అద్దెకిచ్చిన మనిషి దగ్గర్నుంచి తెచ్చుకుని, పట్టపగలు, నడివీధిలోంచి త్రోఫిమ్ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మను రెండు దుప్పట్లలో చుట్టి పసిబిడ్డలా ఎత్తి బండిలో పడుకోబెట్టింది. త్రోఫిమ్ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏమిటిది కుమత్రా? మా అమ్మను ఎక్కడికి?"

"నా అరుగు మీద పడుకుంటుంది. నువ్వు నీ గ్యాసు పక్కన పడుకో."

ఊరంతా కిటికీల్లోంచి చూసింది. తల్లిని పరాయి ఇంటి వెచ్చదనానికి అప్పగించిన కొడుకు అన్న మాట మా దగ్గర చిన్నది కాదు. ఆదివారం చర్చిలో త్రోఫిమ్ ముందువరసలో నిలబడటం మానేశాడు. ఇలింక పూటపూటకూ సూపు గిన్నె పట్టుకుని అగాఫ్య ఇంటికి వచ్చేది. సాంద అప్పటికే తిని ఉండేది. "ఇక్కడ కిటికీలు మూస్తారే" అని కోడలితో సంతోషంగా చెప్పేది.

త్రోఫిమ్ వంతు డిసెంబరులో వచ్చింది. అమ్మ క్రిస్మస్ పండుగ నాటికి తన ఇంట్లో ఉండాలి. అది తప్ప ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. టోపీ తీసి అడిగాడు. మనిషి సగమైపోయాడు. నాకు జాలేసింది. అగాఫ్యకు వేసిందో లేదో తెలియదు.

"పాత ఇటుకలు తీసుకురా" అంది.

"కొత్తవి కొంటాను కుమత్రా, మంచివి."

"కొత్తవి నాకొద్దు. మంట తెలిసిన ఇటుక కావాలి. నా ఇటుకలే కావాలి."

ఆ ఇటుకలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. పగలగొట్టిన సోబాతో త్రోఫిమ్ తన పందుల దొడ్డికి బాట వేసుకున్నాడు. గడ్డకట్టిన నేలలోంచి గడ్డపారతో ఒక్కొక్కటే పెకలించాడు. ఒక్కొక్కటే వేడినీళ్ళతో కడిగాడు. అగాఫ్య ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి సగం వెనక్కిచ్చింది. "దీనికింకా పందులు గుర్తొస్తున్నాయి. మళ్ళీ కడుగు."

తరవాత మట్టి. బంకమన్ను, తరిగిన గడ్డి, గుర్రపు లద్దె కలిపి ఉత్తకాళ్ళతో తొక్కాలి. ఎవరైనా తొక్కవచ్చు. నికానోర్ ఇంట్లో అగాఫ్యే తొక్కింది. కానీ త్రోఫిమ్ దగ్గర ఆమె ఒక ఆచారం గుర్తు తెచ్చుకుంది.

"సోబాను కూల్చిన కాళ్ళే తొక్కాలి."

"కూల్చింది చేతులు కదా కుమత్రా."

"చేతులతో తొక్కుతావా?"

ఆయన ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచాడు. పనికి చోటు కూడా ఆమే చూపించింది. ఇంటి వెనక కాదు, వీధిగేటు లోపల, బస్సు ఆగే చోటుకు ఎదురుగా. ఆయన కాళ్ళు గడ్డకట్టకుండా ఆమె స్వయంగా కెటిల్‌తో గోరువెచ్చని నీళ్ళు పోసింది. ఆమె దయ అంతే, అంతకుమించి ఒక్క చుక్క లేదు. జిల్లా కేంద్రం బస్సు దిగినవాళ్ళు, "బాగున్నారా ప్రెసిడెంటు గారూ" అని పలకరించి, లద్దె తొక్కుతున్న ఆయన పిక్కల్ని మర్యాదగా చూసి వెళ్ళారు. నేను దుకాణానికి రెండుసార్లు వెళ్ళొచ్చాను. నేను కొనాల్సిందేమీ లేదు.

మధ్యాహ్నం అగాఫ్య మా ఇంటికొచ్చింది. "తమారా, మెడ సన్నగా పొడుగ్గా ఉండే ఖాళీ సీసా ఒకటుందా?"

మా అమ్మమ్మ కాలం నుంచీ ఒక భయం ఉంది మాకు, సోబా కట్టేవాళ్ళ మనసు నొప్పించకూడదని. పొగగొట్టం లోపల, గాలి తగిలే సందులో సీసా మెడను నిలబెట్టి ఇటుకల మధ్య పూడ్చేస్తే ఏమవుతుందో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళకు ఎవరూ చెప్పరు. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

నేను రెండు సీసాలు తెచ్చిచ్చాను. ఆమె మెడ మరీ సన్నగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

సోబా అద్భుతంగా వచ్చింది. అది చెప్పకపోతే అన్యాయం. కట్టెలు గుప్పెడు వేస్తే తెల్లవార్లూ వేడి, గదిలో పొగ వాసన కూడా లేదు. సాందను బండిలో వెనక్కి తీసుకొచ్చి కొత్త అరుగు మీద పడుకోబెట్టారు. త్రోఫిమ్ గ్లాసు నింపి రెండు చేతులా అందించాడు. అగాఫ్య చుక్కలు నిప్పులో వేసింది, మిగతాది తాగింది, సోబాను తట్టి విన్నది, వెళ్ళిపోయింది. ఇద్దరి లెక్కా తీరిపోయిందని ఊరనుకుంది.

పండుగ ఎదురుగా ఉందనగా తూర్పుగాలి మొదలైంది. అగాఫ్యా నేనూ ఆమె వంటింట్లో ప్లచింతాలకు, అంటే పూర్ణం పెట్టి కాల్చే పండుగ రొట్టెలకు, గుమ్మడికాయ తురుముతున్నాం. త్రోఫిమ్ వచ్చాడు. కళ్ళ కింద నల్లగా, గడ్డం మాసిపోయి ఉంది.

"కుమత్రా, సోబా ఏడుస్తోంది."

"పొగ వస్తోందా?" తురమడం ఆపకుండా అడిగింది అగాఫ్య.

"లేదు."

"చలిగా ఉందా?"

"లేదు. ఇల్లంతా వెచ్చగా ఉంది."

"అమ్మ నిద్రపోతోందా?"

"అమ్మకేం, హాయిగా పడుకుంటోంది. ఆవిడకు వినపడదు కదా. పడుకోనిది మేము. కుక్క పారిపోయింది, ఇలింక వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. తూర్పు నుంచి గాలి కదిలితే చాలు, పొగగొట్టంలోంచి ఊ అని... ఎవర్నో శపిస్తున్నట్టుగా... ఒక్కోసారి నా పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యి కుమత్రా."

నేను గుమ్మడికాయ మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వేదాన్ని.

అగాఫ్య చేతులు తుడుచుకుని, ఆయన్ని మొదటిసారి పూర్తిగా చూసింది.

"ఆ గాలి సరిహద్దు అవతలిది కుమత్రే, నా చేతిలో ఏముంది."