చదవని పది పేజీలు

కరోనా తగ్గి కోర్టులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది. తెనాలిలోని నా లాయరు ఆఫీసుకు రేపల్లె వైపు సముద్రతీరం నుంచి చేపలమ్ముకునే నాగలక్ష్మి వచ్చింది. ఆమె తమ్ముడు పోలయ్య విదేశంలో చేపల ఓడ మీద పనిచేశాడు. తోటి కూలీని పొడిచి చంపి పారిపోయి వచ్చాడని, అతన్ని తమకు అప్పగించాలని ఆ దేశం కోరింది. ఈ అప్పగింతనే ఎక్స్‌ట్రడిషన్ అంటారు. ఢిల్లీలో మెజిస్ట్రేటు విచారణ ముగిసింది, కేంద్ర ప్రభుత్వం అప్పగించమని ఉత్తర్వు కూడా ఇచ్చేసింది.

నేను ఢిల్లీ జైలుకెళ్లి, అక్కడ నిర్బంధంలో ఉన్న పోలయ్యను కలిశాను.

"గొడవప్పుడు ఎక్కడున్నావు?"

"ఇంజిన్ గదిలో ఉన్నానండి."

కాసేపాగి మళ్లీ అడిగితే వల సర్దుతున్నానన్నాడు. అప్పటి నుంచి అతని మాట మీద నాకు గురి లేదు.

అయినా ఆ ఉత్తర్వును కొట్టేయమని ఢిల్లీ హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాం. ఇలాంటి కేసులో హైకోర్టు చేసేది జుడీషియల్ రివ్యూ. అంటే నిందితుడు హంతకుడా కాదా అని తేల్చదు, ప్రభుత్వం చట్టప్రకారం నిర్ణయం తీసుకుందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఉత్తర్వులో "నిందితుడి వివరణను పరిశీలించాం" అని ఒకే ఒక్క వాక్యం ఉంది.

నాగలక్ష్మి అది విని ఊరుకోలేదు. "మావాడు తన వివరణ పది పేజీలు రాసి, ప్రభుత్వానికి పంపమని మెజిస్ట్రేటు గారికిచ్చాడండి, తెలుగులో. అక్కడ ఎవరు చదివారంటారు సార్?" అంటూ కోర్టు ముద్ర ఉన్న నకలు చూపించింది.

ఆ ముద్రనూ అనుమానించాను. మళ్లీ ఢిల్లీ వెళ్లి మెజిస్ట్రేటు కోర్టు రిజిస్టరులో సరిచూసుకున్నాకే నమ్మాను.

విచారణ రోజు జడ్జిగారు ప్రభుత్వ ఫైలు తెప్పించి పేజీలు తిప్పారు. పది తెలుగు పేజీలూ ఉన్నాయి.

"వీటి అనువాదం ఏదీ?"

ప్రభుత్వ న్యాయవాది పక్కనున్న అధికారి వైపు చూశాడు. "చేయించలేదండి," అన్నాడు అధికారి.

"చదవకుండా పరిశీలించామని ఎలా రాశారు?"

ఉత్తర్వు రద్దయింది. వివరణ చదివి మళ్లీ నిర్ణయించమన్నారు. అనువాదం చేయించాక, గొడవను కళ్లారా చూసిన ఓడ వంటవాడి పేరు అందులో ఉందని ప్రభుత్వానికి తెలిసింది. అతని సాక్ష్యం పంపమని ప్రభుత్వం ఆ దేశాన్ని రెండుసార్లు అడిగింది. జవాబు రాలేదు. చివరికి అప్పగించేది లేదని తేల్చింది.

పోలయ్య విడుదలై తెనాలి స్టేషన్లో దిగినప్పుడు నాగలక్ష్మి అతన్ని పట్టుకుని భోరున ఏడ్చింది. నేనతన్ని పక్కకు పిలిచాను.

"ఇప్పుడైనా చెప్పు. ఎక్కడున్నావు?"

"కాగితంలో రాసిందేనండి," అని చూపు తిప్పుకున్నాడు.

అతను చంపాడో లేదో నాకిప్పటికీ తెలియదు. నేను నమ్మని మనిషి మాటనైనా, అతన్ని దేశం దాటించే ముందు ఎవరో ఒకరు చదివేలా చూడటం నా పనేనని మాత్రం అప్పుడు తెలిసింది.