ఆ బడిపిల్ల చేసిన సైగ

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలువెడితే నేను లేచి పోయేదాన్ని. భయమై కాదు, పని పాడైతదని. సచ్చినోళ్లు సచ్చినట్టే అని మా ఆయన పోయినంక గూడ అనుకున్న. నేను నాలుగో తరగతి దాక సదివిన. ఇట్ల రాసుడు ఇదే మొదలు. అందుకే ఎట్ల జరిగిందో అట్లనే రాస్తున్న, నాది ఏం కలపలే.

మాది సిరిసిల్ల దిక్కు. సూరత్ వచ్చి ఇరవై రెండేండ్లాయె. పల్సానాల ఉంటం. నేను ఇంట్ల కూసోని చీరలకు రాళ్లు అంటిస్త. మా ఆయన మా గల్లి ఎనక కార్ఖానాల బట్ట నేసే సాంచెలు నడిపేది. నాలుగేండ్ల కింద డ్యూటీల ఉండంగనే గుండె నొప్పి వచ్చి పోయిండు.

ఆ కార్ఖానాల వంద సాంచెలు ఒక్కపారే నడుస్తయి. పక్కన నిలబడి ఒర్రినా ఇనవడది. అందుకే లోపల అందరు చేతులతోనే మాట్లాడుకుంటరు. దారం తెగిందంటే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ, సేటు వస్తుండంటే ఇంకోటి. మనిషి మనిషికి ఒక సైగ పేరు గూడ ఉంటది.

మా బిడ్డ రజిత చిన్నగున్నప్పుడు సెలవులల్ల వాళ్ల బాపుకు సద్ది తీస్కపోయేది. చెవులకు జుంకాలు ఊగుతుండేటియి. అది వాకిట్ల కనవడంగనే ఆయన ఎడమ చెయ్యి చెవి కాడ పెట్టి రెండుసార్లు ఊపేది. అంటే రజిత అని. ఆ తర్వాత అరచెయ్యి కిందికి రెండుసార్లు దించేది. "కూసో, వస్తున్న" అని. ఆయన ఎడమ చేతి ఉంగరపు ఏలు సగం సాంచెల పోయింది. ఏ సైగ చేసినా ఆ ఏలు మడిచినట్టే కనవడేది.

రజిత పెద్దగైంది, సూరత్ కాలేజీల ఇంగ్లీషు సదివింది. ఇంట్ల తెలుగు, గల్లిల హిందీ, బడిల గుజరాతీ. దానికి ఇంగ్లీషు ఎక్కడ దొరికిందో నాకు తెల్వది. పోయినేడు దానికి ఒక గ్రాంటు వచ్చింది. వేరే దేశంల చిన్నపిల్లలకు ఏడాది ఇంగ్లీషు చెప్పాలె, ఖర్చంత గ్రాంటోళ్లే పెట్టుకుంటరు. ఏడాది నిండితే పై సదువుకు, రీసెర్చికి గూడ గ్రాంటు ఇస్తరట. నడుమ వదిలేస్తే ఇగ ఏది దొరకదు. దీనికి వియత్నాంల ఒక కొండ ఊరు పడ్డది.

పక్కింటి లక్ష్మి వదినె నవ్వింది. "ఇన్నేండ్లాయె, నీకు గుజరాతీల కొత్తిమీర అడుగుడు రాదు. నీ బిడ్డ పోయి వియత్నామోళ్లకు ఇంగ్లీషు నేర్పుతదా?" అన్నది. నేను గూడ నవ్విన. లోపలికి పోయి ఏడ్సిన.

అక్కడికి పోయిన మూడో నెలల రజిత ఫోన్ జేసింది. చలి చాన ఉన్నదట, నోట్లకు అన్నం పోతలేదట, సాయంత్రమైతే మాట్లాడనీకి ఒక్క మనిషి లేదట. "అమ్మా, వచ్చేస్త. సోమవారం పెద్ద టీచరుకు లెటర్ ఇస్త" అన్నది. నేను వద్దనలే. వచ్చెయ్ బిడ్డా అన్న. నిజం చెప్తున్న, నాకు కావాల్సింది గూడ అదే.

శనివారం పగటాల, నేను ఒడిల చీర పెట్టుకొని రాళ్లు అంటిస్తుంటే అది క్లాసు వీడియో పంపింది. గ్రాంటోళ్లకు నెల నెల పంపాలె, నన్ను గూడ చూడమని పంపింది. పిల్లలు రంగుల పేర్లు చెప్తున్నరు. రజిత బోర్డు దిక్కు తిరిగింది. మూడో వరుసల పసుపుపచ్చ స్వెటర్ ఏసుకున్న ఒక పిల్ల, ఏడేండ్లు ఉంటయేమో, ఎడమ చెయ్యి చెవి కాడ పెట్టి రెండుసార్లు ఊపింది. ఆ తర్వాత అరచెయ్యి రెండుసార్లు కిందికి దించింది. ఉంగరపు ఏలు మడిచే ఉన్నది.

ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు. గిన్నెల గమ్ము గట్టిపడ్డది. నాకే గిట్ల అనిపిస్తుందేమోనని లక్ష్మి వదినె పెనిమిటి మల్లేశన్నను పిలిచిన. మా ఆయన పక్క సాంచె ఆయనదే. ఏం చెప్పకుండ ఫోన్ చేతికిచ్చిన. ఆయన చూసిండు. మల్ల ఒకసారి చూసిండు. ఫోన్ మెల్లగ చాప మీద పెట్టి, "రజితను కూసోమంటుండు" అన్నడు.

నేను ఆ ముచ్చట బిడ్డకు చెప్పలే. కూసోమంటే కదలకుమనుడే, చెప్తే అది అక్కడనే ఉంటదని తెలుసు. చెప్పకుంటే వారం పది దినాలల్ల నా కాడ ఉంటది. ఆదివారం రెండుసార్లు ఫోన్ జేసింది. ఏం తిన్నవ్, దుప్పటి సరిపోతుందా అని అడిగిన గని ఆ మాట ఎత్తలే. ఆయన మాట నా నోట్ల పెట్టుకొని మింగినట్టు అనిపించింది.

సోమవారం పొద్దుగాల అది బడికి పోకముందే నేనే ఫోన్ చేసిన. వీడియోల మూడో వరుస చూడుమన్న. అది వీడియో పెట్టుకున్నది, పిల్లలు రంగుల పేర్లు చెప్పుడు నాకు ఫోన్ల ఇనవడ్డది.

"అమ్మా, నేను వీళ్ల ముందట ఎన్నడు ఆ సైగ చేయలే. నాకే సగం యాది లేదు" అన్నది. జర ఆగి, "కూసోమనుడే గదమ్మా?" అని అడిగింది.

కాదంటే అయిపోతుండె. ఇంటికి రమ్మంటుండు అంటే నమ్మేది.

"అవు బిడ్డా, కూసోమనుడే" అన్న.

అది లెటర్ ఇయ్యలే. అక్కడి టీచరుతోని ఆ పిల్లను అడిగించిందట. పిల్లకు ఏం యాది లేదు. మల్ల చేయుమంటే నవ్విందట. ఉంగరపు ఏలు ఒక్కటే మడువనీకి రాలేదట, పక్క ఏలు గూడ ఎంబడే వంగుతుందట. నేను గూడ చేసి చూసిన. నాకు రాలే.

పిల్లలు వంద ఆటలాడుతరు, అట్ల కలిసింది అంటది లక్ష్మి వదినె. కలిసిందేమో. మల్లేశన్న మాత్రం ఆ ముచ్చట ఎత్తితే బయటికి పోతడు. ఎట్ల జరిగిందో నాకు ఇప్పటికి తెల్వది. రజిత ఇప్పుడు బాగనే ఉన్నది. పిల్లలు ఇడుస్తలేరట, అన్నం గూడ పోతుందట. ఇంక ఐదు నెలలు.

నేను దయ్యాలను ఇప్పుడు గూడ నమ్ముత అని చెప్పను. కాని ఒకటి అడుగుత. ఆయన అంత దూరం, తెల్వని దేశం, కొండలు ఎక్కి బిడ్డ కాడికి పోయిండు. నేను ఇదే గల్లిల, ఇదే ఇంట్ల ఉన్న. నా కాడికి ఎందుకు రాలే?