ఇద్దరం కలిసి చేసిన పథ్యం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక దసరా సెలవుల్లో, మా ఇద్దరికీ ఒకేసారి షుగరు బయటపడింది. కళ్లు మసకబారుతున్నాయని ఏలూరులో నేను పరీక్షకు వెళితే, పక్కన కూర్చున్న మావారికి కూడా డాక్టరుగారు రక్తం తీయించారు. ఆయనకే ఎక్కువుంది.

"రాబోయేవి పండగ రోజులండీ. క్రిస్మస్, కొత్త సంవత్సరం అంటూ నోరు కట్టుకోకపోతే జనవరిలో మందులు పెంచాలి," అన్నారాయన. తీపి మానమన్నారు, అన్నం తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు. విందులకు ఖాళీ కడుపుతో వెళ్లొద్దన్నారు.

మెట్లు దిగుతూ మావారే అన్నారు, "నువ్వు తిననిది నేనూ తిననులే. ఇద్దరం కలిసే చేద్దాం." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట అంత ఆప్యాయమైన మాట విన్న గుర్తు లేదు. ఇంటికొచ్చేదాకా నాకు షుగరు సంగతే గుర్తు రాలేదు.

అప్పుడు మేం ఏలూరు పక్కనే వట్లూరులో ఉండేవాళ్లం. నేను స్కూల్లో టీచర్ని. ఆయన రోజూ రైల్లో తాడేపల్లిగూడెం ఆఫీసుకు వెళ్లేవారు. తెల్లారకముందే ఇద్దరం నడిచొచ్చేవాళ్లం. తర్వాత నేను పుల్కాలు చేసి, ఆనపకాయో బీరకాయో తక్కువ నూనెలో వండి, ఆయన క్యారేజీ కట్టేదాన్ని. సాయంత్రానికి అది ఖాళీగా వచ్చేది.

"సరిపోయిందాండీ?" అంటే, "బ్రహ్మాండంగా," అనేవారు.

డిసెంబరు వచ్చింది. ఎక్కడో ఒకచోట పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్, కేకు, బిర్యానీ. నేను ఇంట్లోనే కాసిని సెనగ గుగ్గిళ్లు తిని వెళ్లేదాన్ని. అక్కడ రెండు ముక్కలు, కాస్త పెరుగుపచ్చడి వేయించుకుని లేచేదాన్ని. మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కని మొదటి క్రిస్మస్ అది. కొల్లేటి లంకలో ఉన్న మా పుట్టింటికి వెళితే అమ్మ కొర్రమీను పులుసు పెట్టి, కజ్జికాయల పళ్లెం తెచ్చింది. మావారు ఆ పళ్లెం పక్కకు జరిపి, "మీ అమ్మాయి గీసిన గీత దాటనండీ అత్తయ్యగారూ," అన్నారు. అందరూ నవ్వారు. నాకు గర్వంగా అనిపించింది.

కొత్త సంవత్సరం రోజున తాడేపల్లిగూడెంలో ఆయన అక్కగారింటికి వెళ్లాం. వదినగారు మంచి మనిషి, పెట్టే చెయ్యి. నేను నాకు వద్దన్నాక ఆయన విస్తట్లో పులావు, రెండు బూరెలు వేసి, "మొహమాటపడకురా తమ్ముడూ, రోజూ తినే ఇల్లేగా," అన్నారు.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"రోజూనా వదినగారూ?" అన్నాను.

"మధ్యాహ్నం ఇక్కడికేగామ్మా వస్తాడు. ఇంట్లో కడుపు మాడుస్తున్నావని చెప్తే నాకు ఏడుపొచ్చింది. షుగరు నీకు, నీ ఒంటి కోసం నువ్వు పథ్యం చేసుకో, కాదన్ను. వాణ్ణెందుకు మాడ్చడం?"

"మరి క్యారేజీ?"

"ఎండిపోయిన పుల్కాలు వాడేం తింటాడు? పారెయ్యలేక మా గేదెకి పెడుతున్నాను."

నేను మెల్లిగానే చెప్పాను. "షుగరు ఆయనకీ ఉందండీ. నాకన్నా ఎక్కువ."

వదినగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని తమ్ముడి వంక చూశారు. ఆవిడ వంగి, ఆ బూరెలు రెండూ ఆయన విస్తట్లోంచి తీసేశారు.

తిరుగు రైల్లో ఆయన, "నోరు ఊరుకోలేదు," అన్నారు.

"తిన్నందుకు కాదండీ. తినాలనుందని నాతో అంటే వారానికోసారి నేనే వండిపెట్టేదాన్ని. నేను మాడుస్తున్నానని ఎందుకు చెప్పారు?"

వట్లూరు స్టేషను రాగానే ఆయన నాకన్నా ముందు దిగి నడిచారు.

జనవరిలో మళ్లీ పరీక్షలు. నాది బాగా తగ్గింది. ఆయనది పెరిగింది. డాక్టరుగారు కాగితాలు చూసి, "ఏంటమ్మా, మీ మటుకు మీరు జాగ్రత్తపడి ఆయన్ని గాలికొదిలేశారా?" అన్నారు. నేను మావారి వంక చూశాను. ఆయన ఫ్యాను చూస్తున్నారు. ఒక్క మాట అంటారేమోనని ఆగాను. డాక్టరుగారు ఇన్సులిన్ రాయడం మొదలుపెట్టారు.

"ఆయన మధ్యాహ్నం ఎక్కడ తిన్నారో ఆయన్నే అడగండి," అని నేను బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను.

ఆ మర్నాటి నుంచి నేను ఒక్కదాన్నే నడిచాను. క్యారేజీ కట్టడం మానలేదు గానీ, సరిపోయిందా అని అడగడం మానేశాను. వదినగారు ఆయన్ని మధ్యాహ్నాలు రావద్దని చెప్పి, ఒకరోజు మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. ఇంజక్షను కొన్నాళ్లు నేనే చేశాను, తర్వాత ఆయన నేర్చుకున్నారు. ఆయన ఆరోగ్యం నెమ్మదిగా కుదుటపడింది.

కానీ మగడికి తిండి పెట్టని మనిషినన్న మాట ఆయన బంధువుల్లో నా మీద అలాగే నిలిచిపోయింది. పెళ్లిళ్లలో నేను వింటుండగానే అంటారు. ఆయన కూడా వింటారు. అది నిజం కాదని ఆయన ఎవరితోనైనా అనగా నేను వినలేదు.