కిటికీలో ఎవరో ఉన్నారు

మా అత్తయ్యను ఫ్యాక్టరీలో అందరూ చిల్లులమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమె పని ఒక్కటే, పొయ్యిలోంచి బెల్టు మీద బయటికొచ్చే ఉప్పు బిస్కెట్లను చూడటం. పల్చటి ఆ బిస్కెట్టుకు పదమూడు చిల్లులుండాలి. పిండి పచ్చిగా ఉన్నప్పుడే మేకుల రోలరు దాని మీద దొర్లి ఆ చిల్లులు పొడుస్తుంది. ఒక్కటి తక్కువైనా ఆవిరి పోయే దారి లేక అక్కడ బుడిపెలా పొంగుతుంది. అలా పొంగినవాటినీ, విరిగినవాటినీ అత్తయ్య ఏరి పక్కన సంచిలో పడేస్తుంది. షిఫ్టు అయ్యాక ఆ ముక్కల సంచిని పనివాళ్లు వంతులవారీగా ఇళ్లకు తీసుకెళ్తారు. పదిహేను రోజులకోసారి మా వంతు.

సంచి వచ్చిందంటే ఇంట్లో ఎవరి తిండి వాళ్లది. అత్తయ్య చిల్లుల వరస వెంబడి సరిగ్గా రెండుగా విరిచి, ఒక సగానికి వెన్న రాసి, రెండో సగం మూతలా పెట్టుకుని తింటుంది. నాకు టమాటా చక్రం, పైన మిరియాల పొడి ఉండాలి. లారీ నడిపే మా ఆయన డబ్బా నిండా పోసుకెళ్లి దారి పొడుగునా ఉత్తివే నములుతాడు. మామయ్యకు మిగిలినవి రెండు పళ్లు. టీ బాగా చల్లారనిచ్చి, బిస్కెట్టును గ్లాసులో పడేసి, కరిగాక జుర్రుతాడు. పోనీ అంతా తాగుతాడా అంటే అదీ లేదు. అడుగున రెండు వేళ్ల మడ్డి వదిలేస్తాడు. ఎండి అతుక్కుపోయిన ఆ మడ్డిని గీకలేక నా గోళ్లు అరిగిపోయాయి. "ఆ కాస్తా తాగితే మీ సొమ్మేం పోయింది మామయ్యా?" అని రోజూ సణుగుతాను. ఆయనకు వినపడదు. నిజంగా వినపడదో, వినపడనట్టు ఉంటాడో దేవుడికే తెలియాలి.

ఇక మా బుడ్డది, నా కూతురు. నాలుగేళ్లది. దానికి ప్రతి బిస్కెట్టూ ఒక ఇల్లు, చిల్లులు కిటికీలు. ఒక కన్ను మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఒక్కో కిటికీలోంచీ తొంగిచూసి, లోపల ఎవరూ లేరని తేల్చుకున్నాకే నోట్లో పెడుతుంది. ఒక్కటి తినడానికి ఐదు నిమిషాలు! నాకు ఒళ్లు మండేది. "తింటావా, అందులో కాపురం పెడతావా?" అని వీపు మీద ఒకటిచ్చేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం అత్తయ్య సంచి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లింది. బుడ్డది గుప్పెళ్లతో తనకు కావలసినవి పట్టుకుపోయింది. అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చి, మిగతావి డబ్బాల్లో పోద్దామని సంచి విప్పింది. చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయ్, లైటెయ్యి."

వేశాను. ఒక బిస్కెట్టు తీసి వేలితో తడిమింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి.

"అన్నిటికీ ఒకే చోట చిల్లు లేదే."

"లేకపోతే ఏముందత్తయ్యా, పొంగినవేగా మీరు తెచ్చేది?"

"పిండి అంటుకుంటే చిల్లు పడదు, నిజమే. కానీ మేకు నొక్కిన గుంటైనా ఉంటుంది. వీటికి గుంట కూడా లేదు. మేకే లేదమ్మాయ్. విరిగిపోయింది."

మూడు గంటలప్పుడు ఒక వరసలో బిస్కెట్లు పొంగడం మొదలైందట. మేకుకు పిండి అంటుకుని ఉంటుందిలే, టీ టైములో తుడుస్తారులే అనుకుందట. అక్కడ అందరూ అలాగే అనుకుంటారు, రోజుకు నాలుగుసార్లు జరిగేదే. బెల్టు ఆపమనలేదు. మొట్టమొదట పొంగినదాని నుంచీ ఒక్కటీ వదలకుండా ఏరి సంచిలో వేసింది. కొట్లకు వెళ్లే ప్యాకెట్లు ఇనుమును పట్టే మిషను కింద నుంచి పోతాయి, మేకుంటే అది కుయ్యోమని మొత్తుకుంటుంది. ముక్కల సంచి ఏ మిషను కిందకీ వెళ్లదు. నేరుగా మా వంటింటికి వస్తుంది.

"అంటే ఆ మేకు?"

"ఈ సంచిలోకే వచ్చింది," అంది అత్తయ్య.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు గదిలోకి పరిగెత్తాను. బుడ్డది ఖాళీ పళ్లెం ముందు కూర్చుని ఉంది. మూతి నిండా ఉప్పు రజను.

"ఎన్ని తిన్నావే?"

"నాలుగు." దానికి ఎన్నైనా నాలుగే.

సంచి నేల మీద గుమ్మరించాం. ఒక్కో బిస్కెట్టూ వేళ్ల మధ్య నలిపి పొడి చేశాం. ఆ పొడినే మళ్లీ మళ్లీ వెతికాం. మేకు లేదు. ఇక మిగిలింది ఒక్కటే చోటు. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

"గొంతులో గుచ్చుకుంటోందా నాన్నా?" అని అడిగాను. నా మొహం చూసి అది బావురుమంది. "గుచ్చుకుంటోంది," అంది. భుజాన వేసుకుని వీధిలోకి ఉరికాను, నా వెనకే అత్తయ్య. అరుగు మీద టీ చల్లారబెట్టుకుంటున్న మామయ్య, "ఎక్కడికమ్మా?" అని అడిగాడు. జవాబు చెప్పే తీరిక ఎవరికి?

ఆటోలో నా నోరు ఊరుకోలేదు. "ఇరవై రెండేళ్లు చిల్లులు లెక్కపెట్టి, చివరికి నా బిడ్డ గొంతులోకి మేకు దించావు కదా! నువ్వు మనిషివేనా?" అన్నాను. పెళ్లయిన ఆరేళ్లలో అత్తయ్యను నువ్వు అనడం అదే మొదలు. ఆమె పిల్ల పాదం రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో మెడకూ, ఛాతీకీ, పొట్టకూ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఫిల్మును దీపానికెత్తి చాలాసేపు చూసింది.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది."

పిల్లను ఒళ్లో వేసుకుని బల్ల మీద కూలబడ్డాను. బుడ్డది నా ఒళ్లోంచి లేచి, ఒక కన్ను మూసి, తనూ ఆ ఫిల్ములోకి తొంగిచూసింది.

"ఈ ఇంట్లో ఎవరూ లేరు," అంది.

అత్తయ్య దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "మరి ఏ ఇంట్లో ఉన్నారమ్మా?"

"తాతకిచ్చిన ఇంట్లో. కిటికీలో నల్లగా ఎవరో నుంచున్నారు. నాకు భయమేసింది. తినకుండా తాతకిచ్చేశా."

ఇంటికి ఫోను చేశాం. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆయనకు ఫోను వినపడదని తెలిసి కూడా ఆటోలో దారి పొడుగునా చేస్తూనే ఉన్నాను. అత్తయ్య మాత్రం, "ఆయన నమలడు, మింగేస్తాడు, నమలడు, మింగేస్తాడు," అని తనలో తను అనుకుంటూనే ఉంది.

మామయ్య అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. తల ఒక పక్కకు వాలిపోయింది. నోరు తెరుచుకుని ఉంది. గ్లాసు కింద ఉంది. అత్తయ్య గేటు పట్టుకుని, "ఏమండీ!" అని కేక పెట్టింది. అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు. ఆయన కదల్లేదు. నేను వెళ్లి భుజం పట్టి ఊపేశాను.

"ఏమిటమ్మా, కొంప మునిగినట్టు!" అంటూ కళ్లు తెరిచాడు. కునుకు తీస్తున్నాడు, అంతే.

అత్తయ్య ఎలా వచ్చిందో వచ్చి ఆయన దవడలు విప్పి లోపల వేలు పెట్టి వెతికింది. "నొప్పుందా? గుచ్చుకుందా? చెప్పండీ!" అని చెవిలో అరిచింది.

"నొప్పేమిటే? ఉప్పు కాస్త ఎక్కువైందంతే."

నేను గ్లాసు తీశాను. అడుగున రెండు వేళ్ల మడ్డి. వేలు పెట్టి కలిపాను. గోటికి గట్టిగా ఏదో తగిలింది. బియ్యపు గింజంత మేకు ముక్క, నల్లగా, ఒక కొన సూదిలా ఉంది. అత్తయ్య అరచేతిలో పెట్టాను. ఆమె మెట్టు మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మామయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఆ ముక్కను కొంగున ముడేసుకుని వెళ్లి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది. మూడింటి నుంచీ చూస్తూ కూడా బెల్టు ఆపమనలేదని తన నోటితోనే చెప్పింది. రోలరు మార్చారు. ముక్కల సంచి ఇళ్లకు తీసుకెళ్లడం కూడా మాన్పించారు. నోటి దగ్గర కూడు లాగేసిందని తోటివాళ్లు ఇప్పటికీ ఆమెతో సరిగ్గా మాట్లాడరు.

ఇప్పుడు మేం బిస్కెట్లు కొట్లో కొంటున్నాం. మామయ్య అడుగున మడ్డి వదిలేస్తూనే ఉన్నాడు, నేను కిక్కురుమనకుండా గీకుతున్నాను. బుడ్డదానికి ఇచ్చే ప్రతి బిస్కెట్టునూ అత్తయ్య వేలు పెట్టి లెక్కిస్తుంది. ఆమె లెక్కించాక నేను మళ్లీ లెక్కిస్తాను. మొదట్లో ఆమె అటు తిరిగినప్పుడు లెక్కించేదాన్ని, ఇప్పుడు ఎదురుగానే. ఆటోలో అన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని ఆమె అడగలేదు.

నిన్న సాయంత్రం తన లెక్క అయ్యాక పళ్లెం తనే నా వైపు జరిపింది. "నువ్వూ చూడమ్మాయ్," అంది.

చూశాను. పదమూడు ఉన్నాయి. బుడ్డది కన్ను మూసి తొంగిచూసి, "ఎవరూ లేరు," అంది. అయినా అది మొదటి ముక్క మింగేదాకా మేమిద్దరం దాని గొంతు వైపే చూస్తూ కూర్చున్నాం.