కాశ్యప గోత్రంతో పట్టాల కింద

విజయవాడలో రైలు పట్టాల కింద పాత టికెట్ కిటికీలో అమ్మవారు వెలిసిందని విని, పొద్దున ఏడింటికి పామర్రులో బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు, చేతిలో నోటు పుస్తకం. ఖండించడానికి వెళ్లేవాడికి ఇంకేం కావాలి?

ఎనిమిదిన్నరకి దిగి, వన్ టౌన్‌లో ఇడ్లీ, కాఫీ అయ్యాక గోడౌన్ల వెనక్కి వెళ్లాను. ఎప్పుడో తవ్విన భూగర్భ స్టేషనది. తోపుడు బళ్ల కోసం వాలు దారి, టికెట్ల గది, పట్టాల అవతలికి సొరంగం. ఊట నీరు పడుతోందని వదిలేశారు. మనుషులకి పనికిరానిది దేవతకి పనికొచ్చింది. కిటికీలో పసుపు రాసిన రాయి, పక్కన అర్చన టికెట్లు. ఊట నీరే తీర్థం.

పన్నెండింటికి తలుపు మూసేశారు. భోజనం చేసి బస్సు కోసం బయల్దేరితే, రైల్వే గేటు దగ్గర గూడ్సు అడ్డంగా ఆగి ఉంది.

"గంట నించీ కదల్లేదండి," అంది మరియమ్మ అనే ఆవిడ. భర్త ఏసుదాసు పిండికట్టు వేసిన కాలు చాపుకుని మూట మీద కూర్చున్నాడు. "వంతెన ఎక్కలేడు. రెండున్నర బస్సు తప్పితే చీకటి పడుద్ది. ఈ కాలుతో పొలం గట్టు మీద ఎట్టా నడిపించను?"

సొరంగంలోకి వాలు దారే, మెట్లుండవు కదా అని ముగ్గురం అక్కడికి వెళ్లాం. కటకటాల వెనక పూజారి కునుకు తీస్తున్నాడు.

"అమ్మవారు పవళించారండి. నాలుగింటికి రండి."

"దారికి నిద్రేమిటి?" అని మొదలుపెట్టి నేను సృష్టి దాకా వెళ్లాను. పూజారి లేచి కూర్చుని హాయిగా జవాబులు చెప్పసాగాడు. ఇద్దరికీ ఊపొచ్చింది.

"అయ్యగారూ, ఆవిడ ఉందో లేదో రేపు తేల్చుకోండి. రెండయింది," అంది మరియమ్మ. "పంతులుగారూ, అర్చన చేయిస్తే లేపరా?"

"టికెట్ తీసుకుంటే లేపుతామండి."

రూపాయి ఇచ్చాను. తాళం తీశాడు.

"తమరి గోత్రం?"

"లేదు."

"లేనివాళ్లందరికీ కాశ్యపమేనండి."

"నాస్తికులకి?"

"వాళ్లకీ అదే. తమలాంటివాళ్లు రావడం కొత్తేం కాదు లెండి."

"పన్లో పని, మా ఆయన పేరు కూడా చదవండి," అంది మరియమ్మ.

"కాశ్యప గోత్రోద్భవస్య, ఏసుదాసు నామధేయస్య..." పూజారి తడుముకోలేదు. కొబ్బరికాయ కొట్టి అవతలి తలుపు తీశాడు. ఏసుదాసు మా ఇద్దరి భుజాల మీద చెరో చెయ్యీ వేసి, ఊట నీళ్లలో కుంటుతూ దాటాడు.

బస్సు అందింది. మూసిన తలుపులు తెరవమని ఏళ్లుగా వేదికలెక్కి అరుస్తున్నాను. ఒక్కటి తెరుచుకుంది, అదీ కాశ్యప గోత్రీకుడికి. ఉయ్యూరు దాటాక మరియమ్మ కొబ్బరి ముక్క అందించింది.

"పేపర్లో రాస్తారా? తాళం సంగతి ముందు రాయండి. అమ్మవారి సంగతి తర్వాత."

పొద్దున రాసుకున్న ఖండన మడిచిపెట్టి కొత్త పేజీ తీశాను. వెళ్లదలచినవాళ్లకి మనవి: ఆ దారికి పన్నెండింటికే తాళం పడుతుంది. తర్వాత వెళ్లేవాళ్లు గోత్రం సిద్ధంగా ఉంచుకోండి. కాళ్లుంటే చాలదు.