పావు చుట్టు

అంటే అన్నానంటారు గానీ, చేతిలో రెంచి లేకపోతే గురునాథరావు గదిలో ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలియదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, ఇరవై రెండో ఏట స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టరుగా చేరాడు. ముప్ఫై ఏళ్లుగా నీటి గొట్టాల వాల్వులతోనే కాపురం. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఒకటి నేర్పుతాడు: వాల్వు పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలాలి, లేకపోతే పట్టేసి మళ్లీ కదలదు. ఆ ఒక్క విషయంలోనే ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుంది. “సివరికంటా తిప్పీసి ఒగ్గీసినావేటి? రేపు మీ బాబొచ్చి ఇప్పుతాడా?” అని అప్పుడే చేరిన తాతబాబుని ఒకసారి అందరి ముందూ కడిగేశాడు. తాతబాబు ఇప్పుడు ఆయన జట్టులోనే ఉన్నాడు, పావు చుట్టు మరిచిపోడు.

గురునాథరావు కూతురు పుష్పకి పదిహేడేళ్లు. నాలుగేళ్లప్పుడు ఉక్కునగరం క్వార్టర్ మెట్ల మీంచి పడి గడ్డం కొట్టుకుంది. రక్తం ఆగింది కదా అని ఊరుకున్నారు. దవడ కీలు అతుక్కుపోయి, కింది దవడ పెరగడం మానేసిందని తెలిసేసరికి పిల్ల ఎనిమిదో తరగతికొచ్చింది. అప్పుడొక ఆపరేషన్ చేసి అతుకు విడదీస్తే నోరైతే తెరుచుకుంది గానీ గడ్డం మాత్రం పసిపిల్ల గడ్డంలాగే ఉండిపోయింది. నిద్రపోతే నాలుక వెనక్కి జారి, ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఈ వేసవిలో డాక్టర్ సూర్యకళ రెండు పక్కలా దవడ ఎముక కోసి, పక్కకొక స్క్రూ పరికరం బిగించారు. దాని కొస దవడ కింద చర్మంలోంచి బయటికి ఉంటుంది. చిన్న తాళంచెవితో పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు తిప్పాలి. చుట్టుకి అర మిల్లీమీటరు చొప్పున ఎముక ముక్కలు దూరం జరుగుతాయి, ఆ సందులో కొత్త ఎముక కడుతుంది. పదిహేను రోజుల్లో పదిహేను మిల్లీమీటర్లు రావాలి.

“నా వల్ల కాదు, నాను సూడనేను,” అని తల్లి కాశమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. దాంతో తాళంచెవి గురునాథరావు చేతికొచ్చింది. మొదటి రోజు తనకి తనే చెప్పుకున్నాడు: ఇది మొహం కాదు, స్క్రూ. అంతే, ఆ తర్వాత ఆయనకి ఏమీ అనిపించలేదు. పిల్ల చాప అంచు గుప్పిట్లో నలిపేస్తున్నా అనిపించలేదు. పుష్పకి కింది పెదవి తిమ్మిరెక్కి, జావ కారినా తెలిసేది కాదు. తండ్రికి మనిషంతా అలాగే ఉండేది.

“పాపకెలాగుంది బావ?” అని తాతబాబు అడిగేవాడు.

“బాగుంది.”

“నువ్వెలాగున్నావు?”

“నాకేటైంది?” అని పనిలో పడిపోయేవాడు.

పదకొండో రోజు పొద్దున ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ మొహం చిట్లించారు. “పది రావాలి గురునాథరావు గారూ, ఏడున్నరే వచ్చింది. ఏ పూటైనా మానేశారా?”

“లేదు మేడమ్. ఏ పూటకాపూట కేలండర్ మీద టిక్కు ఎట్టినాను.”

“ఇలా నెమ్మదిగా సాగితే మధ్యలోనే ఎముక గట్టిపడిపోతుంది. అప్పుడు మళ్లీ కోయాలి. ఈ పూటది నా ముందు తిప్పండి చూద్దాం.”

ఆయన తాళంచెవి పెట్టి, బాణం గుర్తు వైపు నిండుగా ఒక చుట్టు తిప్పాడు. తిప్పి, పావు చుట్టు వెనక్కి తెచ్చాడు.

“ఆగండి,” అన్నారు డాక్టరమ్మ. “వెనక్కెందుకు తిప్పారు?”

“నాను తిప్పలేదు మేడమ్.”

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని చూపించారు. తాళంచెవి ఎక్కడుండాలో అక్కడ లేదు. చూశారా మరి, ముప్ఫై ఏళ్లు పదిమందికి నేర్పిన చెయ్యి, ఇంటికెళ్లాక ఊరుకుంటుందా? ఇరవైసార్లు తిప్పి, ఇరవైసార్లూ కొంత పోగొట్టాడు. గురునాథరావుకి తల కొట్టేసినట్టయింది.

“నీకు తెలియలేదా పుష్పా?” అని అడిగారు డాక్టరమ్మ.

“తెలిసింది మేడమ్,” అంది పుష్ప మెల్లగా. “తిప్పినప్పుడు గుంజేస్తది. ఎనక్కి తిప్పగానే కొంచిం తెరిపిగుంటది. నాన్న జాలిపడి అలాగ తిప్పుతన్నాడనుకున్నాను. చెప్తే మానేస్తాడని చెప్పలేదు.”

జాలా? పది రోజులుగా ఎదురుగా ఉన్నది తన కూతురన్న సంగతే ఆయన దగ్గరికి రానివ్వలేదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? డాక్టరమ్మ మిగిలిన పావు చుట్టూ, రెండో పక్కదీ తనే తిప్పి, ఇకమీదట ముందుకే తప్ప వెనక్కి వద్దన్నారు. రెండు రోజుల్లో మళ్లీ ఎక్స్‌రే తీస్తామని, ఎముక కదలకపోతే ఆపరేషన్ తప్పదని చెప్పి పంపించారు.

కూర్మన్నపాలెం బస్సులో పుష్ప కిటికీ పక్కన కూర్చుంది. అది జాలి కాదమ్మా, చేతి అలవాటు, అని చెప్పేద్దామని దారి పొడుగునా అనుకున్నాడు. ఉక్కునగరం గేటు దగ్గర దిగేదాకా అనుకుంటూనే ఉన్నాడు. చెప్పలేదు.

సాయంత్రం ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, కుడి పక్క స్క్రూ తిప్పాడు. చుట్టు పూర్తవగానే తాళంచెవి బయటికి లాగేశాడు. పుష్ప కళ్లు మూసుకుని ఆ తెరిపి కోసం చూస్తోంది. అది రాలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు చెంప మీదికి దిగాయి.

ఎడమ పక్క ఇంకా మిగిలే ఉంది. గురునాథరావు తాళంచెవి పెట్టబోతే అది రెండుసార్లు జారిపోయింది. పది రోజులుగా రానిదంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. అది తన కూతురి మొహం. ఆ మొహాన్ని తను ఎముక దాకా లాగుతున్నాడు. నా వల్ల కాదు అందామని నోరు తెరిచాడు.

పుష్ప కళ్లు తెరవకుండానే ఎడమ చెంప ఆయన వైపు తిప్పింది.

“ఇప్పుడు జాలిపడకు నాన్నా,” అంది. “తిప్పీ.”

ఆయన నిండుగా ఒక చుట్టు తిప్పి, అక్కడే ఆపాడు.