నాలుగో అధ్యాయంలో మంచినీళ్ల బావి

ఇసుకదిన్నె పంచాయతీ సమితి కార్యాలయంలో హెడ్ గుమాస్తాగా ఉండిన కృపాదానంగారి ఇంటి గుమ్మం పైన ఒక పేరుపలక వేలాడుతుండేది. నల్లటి పలక మీద తెల్లటి అక్షరాలతో "జె. కృపాదానం, ఎం.ఏ." అని రాయించి, పేరుకు ముందు జానెడు మేర ఖాళీగా ఉంచినారు. పలక రాసిన నెల్లూరు పెయింటరు, పేరును నట్టనడుమకు జరపమంటారా అని మర్యాదగానే అడిగినాడు.

"అక్కరలేదు. అక్కడికి రావలసినది ఒకటి ఉంది," అని కృపాదానంగారు గంభీరంగా సెలవిచ్చినారు.

రావలసినది డాక్టరేటు. అది వచ్చేదాకా ఆ ఖాళీలో ఒక బల్లి కాపురముండేది.

కృపాదానంగారి తండ్రి జకరయ్యగారు బోర్డుబడి పంతులు. తన సర్వీసు లెక్కలో జరిగిన పొరపాటును సరిచేయవలసిందిగా ఆయన ఒక అర్జీ పెట్టుకున్నారు. దానికి జవాబు రాకపోలేదు; ఆయన సమాధి అయిన తరువాత వచ్చింది. అర్జీదారుడు స్వయంగా హాజరై వివరములు తెలుపుకొనవలెనని అందులో రాసి ఉంది. అప్పటికి చిన్న గుమాస్తాగా ఉన్న కృపాదానంగారు ఆ కాగితాన్ని బైబిలులో పెట్టుకుని, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ., ఆ పిమ్మట ఎం.ఏ. ప్యాసైనారు. పంచాయతీరాజ్ చట్టం వచ్చి సమితులు ఏర్పడగా, ఇసుకదిన్నెకు హెడ్ గుమాస్తాగా బదిలీ అయినారు. ఆ మరుసటి ఏడే విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేయించుకున్నారు. పబ్లిక్ లా, ప్రభుత్వ పాలనాశాస్త్రం, ఈ రెండింటికీ నడుమనున్న విషయం: "అర్జీ పెట్టుకున్న పౌరునికి జవాబు పొందే హక్కు."

ప్రభుత్వోద్యోగి పై చదువు చదవదలిస్తే పైవారి అనుమతి పొందవలెను. అందుకొక దరఖాస్తును సరైన మార్గంలో నెల్లూరులోని పై కార్యాలయానికి పంపుకున్నారు. అనుమతి ఉత్తరువును గ్రంథంతోపాటు సమర్పిస్తే చాలునని విశ్వవిద్యాలయంవారు దయతలచినారు గనుక, చదువు మొదలైపోయింది.

చదువు ముదిరిన కొద్దీ దాని ప్రభావం కార్యాలయం మీద పడసాగింది. ఒకసారి బందెలదొడ్డిలో చిక్కిన గేదెను గురించి నోటు పెట్టమని బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు పద్మనాభయ్యగారు ఆజ్ఞాపించగా, కృపాదానంగారు నాలుగు ఠావుల నోటు పెట్టినారు. పద్మనాభయ్యగారు అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివినారు.

"ఏమయ్యా కృపాదానం, సార్వభౌమాధికారం యాడ పుట్టిందో చెప్పినావు. రాజ్యాంగం ఏమంటుందో చెప్పినావు. ఆ గేదె ఎవరిదో చెప్పినావు కాదే!"

"అది ఉపసంహారంలో వస్తుంది సార్."

"ఉపసంహారం వచ్చేలోగా గేదె ఈనేట్టుంది. ముందు దాన్ని వదిలిపెట్టించు."

మూడు అధ్యాయాలు ఈ విధంగా సాఫీగా సాగినాయి. అటు పిమ్మట, పరిశోధనను పర్యవేక్షించే ఆచార్యులవారు ఒక అభ్యంతరం లేవదీసినారు. "సిద్ధాంతం దివ్యంగా ఉన్నది. నాలుగో అధ్యాయంలో మాత్రం ఒక సజీవమైన ఉదాహరణ కావాలి. ఏళ్ల తరబడి జవాబు రాని అర్జీ ఒకటి చూపించండి. అది లేకపోతే పరీక్షకులు ఒప్పుకోరు," అన్నారు.

కృపాదానంగారు ఇసుకదిన్నెకు తిరిగివచ్చి, బీరువా తెరిచి చూసినారు. ఉదాహరణ అక్కడే ఉంది.

అది గుల్లపాళెం అనే, చేపలు పట్టే పట్టపువారి పల్లెనుంచి వచ్చిన అర్జీ. వేలిముద్ర వేసినది ముసలమ్మ. ఆ పేరు ఆమెకు పుట్టినప్పుడే పెట్టినారు. పేరుకు తగిన వయస్సు తరువాత వచ్చింది. కొన్నేళ్ల కిందటి తుపానునాడు సముద్రం పొర్లి పల్లెలో ఉన్న ఒక్క బావీ ఉప్పునీళ్ల పాలైంది. జనం ఇసుకలో చెలమలు తోడుకుని తాగుతుండినారు. ఎండలు ముదిరితే ఆ చెలమలూ ఉప్పెక్కేవి. కనుక పల్లె పక్కనున్న దిబ్బమీద ఒక మంచినీళ్ల బావి తవ్వించవలెనని ప్రార్థన.

సమితివారు, ఆ దిబ్బ ఎవరిదని రెవిన్యూవారిని అడిగినారు. దిబ్బ పోరంబోకే అయినా అడిగేవారు చేపలు పట్టేవారు గనుక మత్స్యశాఖను సంప్రదించవలెనని రెవిన్యూవారు రాసినారు. తమ బాధ్యత చేపలున్న నీటివరకేనని, తాగే నీటిని గురించి ఆరోగ్యశాఖ చెప్పవలెనని మత్స్యశాఖవారు రాసినారు. బావి తవ్వి, నీరు సీసాలో పట్టి పంపినట్లయితే, అక్కడ బావి తవ్వవచ్చునో లేదో పరీక్షించి చెప్పగలమని ఆరోగ్యశాఖవారు రాసినారు.

ఈ ఉత్తరాలన్నిటికీ నకళ్లు తీసుకుంటున్నప్పుడు కృపాదానంగారికి తండ్రి చనిపోయిన తరువాత కలగని ఆనందం కలిగింది. వాక్యం వాక్యమూ నాలుగో అధ్యాయం కోసమే పుట్టినట్టుంది. ఇంకొక్క సంవత్సరం ఎవరూ తొందరపడకుండా ఉంటే గ్రంథం పూర్తయిపోతుంది. కార్యాలయాలలో కాల్ బుక్కు అని ఒకటి ఉంటుంది. ఇప్పట్లో ఏమీ చేయడానికి వీలులేని కాగితాలను అందులోకి ఎక్కించి పక్కన పెడతారు. అందులోకి ఎక్కిన కాగితం పరిష్కారమైనట్టు కాదు. పెండింగులో ఉన్నట్టూ కాదు. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని అడగడు. "ఆరోగ్యశాఖవారి షరతు నెరవేరవలసియున్నందున" అని కారణం చూపి, కృపాదానంగారు ముసలమ్మ అర్జీని కాల్ బుక్కులోకి ఎక్కించినారు.

ఇంతకూ ముసలమ్మ ఆయనకు దూరపు మనిషేమీ కాదు. నెత్తళ్ల గంపతో రోజూ ఆ వీధికి వచ్చేది. కృపాదానంగారి భార్య రెబెక్కమ్మ చేపలు తీసుకుని, ముసలమ్మ తిరిగి పోయేటప్పుడు ఆమె కడవను తమ పెరటి బావి నీళ్లతో నింపి పంపేది.

"అమ్మా, మా అర్జీ సంగతి అయ్యగారిని ఒకసారి అడుగు తల్లీ."

"పరిశీలనలో ఉందంటారే, ముసలమ్మా."

"చూస్తుండారులే. నేను పుట్టింది మొదలు చూస్తానే ఉండారు. మేమేమన్నా తోలుబొమ్మలాటా?"

ఈలోగా రావలసినది కాకుండా వేరొకటి వచ్చింది. ఫిబ్రవరి ఆఖరున పద్మనాభయ్యగారు కేకవేసినారు.

"కృపాదానం! మంచినీళ్ల బావులకు గ్రాంటు వచ్చిందయ్యా. మార్చి ఆఖరులోగా ప్రతిపాదనలు పంపకపోతే వెనక్కి పోతుంది. పెండింగులో ఉన్న అర్జీలు తీయించు."

కృపాదానంగారు అబద్ధమాడే మనిషి కాదు. ఆదివారంనాడు చర్చిలో బైబిలు పాఠం చదివేవారు. "పెండింగులో ఏవీ లేవు సార్," అన్నారు.

"ఆ గుల్లపాళెంవాళ్లది ఏదో ఉండాలే?"

"అది పెండింగు కాదు సార్. కాల్ బుక్కులో ఉంది."

"ఓహో, కాల్ బుక్కులోనా? అయితే సరే," అని పద్మనాభయ్యగారు సంతృప్తిపడి, సమితి ప్రెసిడెంటుగారి బావమరిది కొబ్బరితోట దగ్గర ఒక బావి ఉంటే బాగుంటుందేమో చూడమన్నారు.

ఆ సాయంత్రం కృపాదానంగారు అలవాటు ప్రకారం నడవలో కూర్చుని, ఇంగ్లీషులో రాసుకున్న అధ్యాయాన్ని తెలుగుచేసి రెబెక్కమ్మకు చదివి వినిపించసాగినారు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. ఆమె మెచ్చుకోలు ఎప్పుడూ "ఊఁ" అనేదాన్ని దాటదు. ఆయనకు అదే చాలు.

"సముద్రతీర గ్రామమునకు చెందిన ఒకానొక స్త్రీ మంచినీటికై అర్జీ పెట్టుకొనెను. ఆమెకు నేటివరకు జవాబు లభించలేదు. పాలనాయంత్రపు నిర్లిప్తతకు ఇంతకంటె హృదయవిదారకమైన నిదర్శనము..."

రెబెక్కమ్మ చెయ్యి ఆగింది. "ఏమండీ, ఈ స్త్రీ మన ముసలమ్మే కదూ?"

"పరిశోధనలో పేర్లు ఉండవు, రెబెక్కా."

"దాహం ఉంటుంది కదా!"

"అడ్డం రాకు. ఇది కీలకమైన చోటు."

"జవాబు ఇవ్వని ఆ మహానుభావుడు ఎవరో కూడా రాసినారా?"

"పాలనాయంత్రం అని రాసినాను."

"ఆ యంత్రం మన ఇంట్లో అన్నం తింటా ఉండాదని రాసినారా?" అన్నది రెబెక్కమ్మ. చేట పక్కన పెట్టింది. "పొద్దున కూడా ఆమెకు కడవ నింపి ఇచ్చినాను. పోనీ, అదీ మాన్పించమంటారా? మీ అధ్యాయానికి ఇంకా బలం వస్తుందేమో."

కృపాదానంగారు జవాబు చెప్పలేదు. అర్జీదారునికి జవాబు పొందే హక్కు భార్యకు వర్తిస్తుందో లేదో మొదటి మూడు అధ్యాయాలలోనూ చర్చించలేదు. భోజనానికి కూర్చుంటే ఆమె మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది. ఆయన చాలాసేపు ఆ చెంబువైపు చూస్తూ కూర్చున్నారు. తండ్రిగారి కాగితం జ్ఞాపకానికి వచ్చింది. దాన్ని రాసిన గుమాస్తా కూడా ఇట్లాగే చెంబు ముందు పెట్టుకుని భోంచేసి ఉంటాడు.

మరునాడు కార్యాలయం తెరవగానే కృపాదానంగారు ముసలమ్మ అర్జీని కాల్ బుక్కునుంచి బయటికి తీసినారు. తన జీవితంలో మొట్టమొదటిసారిగా మూడు వాక్యాల నోటు పెట్టినారు. నీళ్లు ఉప్పగా ఉన్నవి. గ్రాంటు ఉన్నది. బావి తవ్వించవచ్చును. పద్మనాభయ్యగారు దాన్ని చదివి, కాగితం తిరగేసి చూసినారు.

"మిగిలిన ఠావులు యాడున్నాయయ్యా?"

"అంతే సార్."

"ఒంట్లో బాగాలేదా ఏమి?" అని విచారించి, ప్రెసిడెంటుగారి బావమరిదికి ఏం చెప్పాలా అని దిగులుపడుతూనే సంతకం చేసినారు.

బావి పడింది. దిబ్బమీద తియ్యటి నీళ్లే పడినాయి. నాలుగో అధ్యాయం మాత్రం ఎండిపోయింది. కృపాదానంగారు ఆచార్యులవారి దగ్గరికి పోయి, ఉదాహరణ పరిష్కారమైపోయినదని నేరస్థుని మాదిరిగా విన్నవించుకున్నారు.

"అయ్యో, ఎంత పని జరిగింది! ఎవరండీ అంత తొందరపడినది?"

"నేనే సార్."

ఆచార్యులవారు విచారంగా తల పంకించి, వేరొకటి వెతకమన్నారు. తిరుగు బస్సులో కృపాదానంగారికి మెరుపు మెరిసినట్లయింది. తన దరఖాస్తు! చదువుకు అనుమతి కోరుతూ పై కార్యాలయానికి పంపినది. దానికి జవాబు లేదు. గుర్తుచేస్తూ జ్ఞాపిక పంపితే అది అందినట్టు జవాబు కూడా లేదు. ఇంతటి నిఖార్సయిన ఉదాహరణను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినాను కదా అనుకున్నారు. కూర్చుని కొత్తగా నాలుగో అధ్యాయం రాసినారు. ఈసారి ఆచార్యులవారు పరమానందభరితులైనారు.

"సమర్పించండి. అనుమతి ఉత్తరువు జతచేయడం మరవకండి," అన్నారు.

అప్పుడుగాని కృపాదానంగారికి తన పరిస్థితి బోధపడలేదు. ఉత్తరువు వస్తే అధ్యాయం పోతుంది. ఉత్తరువు రాకపోతే గ్రంథమే పోతుంది. రాత్రింబవళ్లు ఆలోచించి, మళ్లీ ఒక జ్ఞాపిక రాసినారు. తపాలాలో వేసేటప్పుడు అది చేరాలని కోరుకోవాలో చేరకూడదని కోరుకోవాలో తెలియక పెట్టె ముందు నిలబడిపోయినారు.

వేసవి నడిమికి వచ్చింది. ముసలమ్మ చేపల గంప దించింది. గంపతోపాటు కడవ లేదు.

"ఏం ముసలమ్మా, నీళ్లు అక్కరలేదా?" అన్నది రెబెక్కమ్మ.

"మాకేం తల్లీ, మా నీళ్లు మీకు తెచ్చి పోస్తాను, కావాలంటే," అని ముసలమ్మ నవ్వి, అరుగుమీద దిగాలుగా కూర్చున్న కృపాదానంగారి వైపు తిరిగింది. "అయ్యా, మీరు కూడా ఏదో అర్జీ పెట్టుకోని ఉండారంట గదా! అమ్మ అంతా చెప్పినాది. ఏమన్నా తేలిందా సామీ?"

"లేదు ముసలమ్మా. అది కూడా ఏ కాల్ బుక్కులోనో పడి ఉన్నట్టుంది."

ముసలమ్మ గంప ఎత్తుకోబోయి ఆగింది. అర్జీల వ్యవహారంలో తనకున్న అనుభవమంతా కూడదీసుకుని, జాలిగా, గొంతు తగ్గించి సలహా చెప్పింది.

"ఊరకే కూసుంటే కాదయ్యా. ఆ కచేరీలో ఎవురన్నా దానిమీద పుస్తకం రాస్తా ఉండారేమో కనుక్కోండి."

రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కృపాదానంగారు నవ్వలేదు. తలెత్తి పేరుపలకమీద ఉన్న బల్లిని చూసినారు. పిమ్మట లేచి కోటు తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని నెల్లూరు బస్సెక్కినారు. తన దరఖాస్తు ఏ గుమాస్తా చేతిలో ఉన్నదో, ఆయన ఏమి చదువుతున్నాడో, ఎన్నో అధ్యాయంలో ఉన్నాడో, మర్యాదగా విచారించుకుని రావడానికి.